మామయ్య ముళ్ళ పలక

మొన్న మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చానో లేదో, పార్సిలు వచ్చింది పట్టుకెళ్ళమని కింద గేటు దగ్గరనుంచి ఫోను వచ్చింది. వెళ్ళి చూస్తే మా మామయ్య ముళ్ళ పలక. పాత టేకు చెక్క, దానిమీద వరసగా మేకులకు కట్టిన తాళ్ళు, ఒక్కో తాడుకు ఒక్కో రకం ముడి. ఓడమీద పనిచేసేవాళ్ళకు రావలసిన ముళ్ళన్నీ ఆ ఒక్క పలకమీదే ఉంటాయి. నేను సభకని ఇచ్చి పంపినప్పుడు అది మాసిపోయి, అంచులు అరిగి, తాళ్ళు పీచులేచి ఉండేది. ఇప్పుడు ప్లాస్టిక్కు చుట్టలు విప్పేసరికి పెళ్ళికూతురులా మెరిసిపోతోంది. పైనుంచి కిందిదాకా వార్నిషు. తాళ్ళమీదా వార్నిషే, వార్నిషు కింద జిగురు. ఒక్క ముడి కూడా కదలదు. గోరుతో లాగితే గోరు విరిగింది. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కప్పి చూశాను, గుడ్డ చల్లారింది గాని ముడి వదల్లేదు. మా కోడలు వచ్చి చూసి, "బాగానే ఉంది కదండీ మావయ్యగారూ, కొత్తదానిలా చేసిచ్చారు," అంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

చెక్కకు వార్నిషు కొడితే ఈ ముసలాయనకు అంత కోపమెందుకని మీరనుకోవచ్చు. నా ఈడువాళ్ళకు, అందులోనూ ఏ రేవు పట్నంలోనో పెరిగినవాళ్ళకు మొదటినుంచీ చెబితే అర్థమవుతుంది, అందుకే చెబుతున్నాను.

కాకినాడలో ఉప్పుటేరు పక్కన ఒక పాత గోదాములో చిన్న ఓడల మ్యూజియం ఉండేది. మ్యూజియమంటే పెద్దగా ఏమీ ఊహించుకోకండి, విరిగిన చుక్కాని ఒకటి, తుప్పుపట్టిన లంగరు ఒకటి, గాజుపెట్టెలో ఓడ బొమ్మలు కొన్ని, మూలన చుట్టచుట్టిన తాళ్ళు, అంతే. దాన్ని చూసుకునేవాడు మా మేనమామ. వయసులో ఉండగా తెరచాప ఓడలమీద రంగూను దాకా వెళ్ళి వచ్చినవాడు. ఆవిరి ఓడలొచ్చి తెరచాపల పని అయిపోయాక ఒడ్డునపడి ఈ గోదాముకు కాపలాదారు, అధికారి, ప్రసంగకర్త అన్నీ తానే అయ్యాడు. నేను డిగ్రీ పాసై ఉద్యోగం లేక వీధి అరుగులు అరగదీస్తుంటే మా అమ్మ నన్ను తన తమ్ముడి దగ్గరికి తోసింది. తాళాలు తియ్యడం, దుమ్ము దులపడం, ఆదివారం సాయంత్రం ప్రసంగాలకు బెంచీలు వేసి కూజాలో నీళ్ళు నింపడం నా పని. నా మొదటి కొలువు అదే, నేను మనసుపెట్టి చేసిన కొలువు కూడా అదేనేమో అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ ఆదివారం ప్రసంగాలకు ఎవరు పడితే వాళ్ళు వచ్చేవారు. రేవు ఆఫీసు గుమాస్తాలు, రిటైరైన హెడ్మాస్టర్లు, నూనె వ్యాపారులు, డ్యూటీ దిగి ఇంటికెళుతూ కాసేపు కూర్చుందామని వచ్చే ఆసుపత్రి నర్సులు. మామయ్యకు ఉపన్యాసం రాదు. అత్తయ్య పాత చీరనొకదాన్ని వెదురుకు కట్టి, స్టాండు ఫ్యాను పెట్టి, గాలికి ఎదురెళ్ళాల్సినప్పుడు ఓడ నేరుగా వెళ్ళదని, అటొక వంపూ ఇటొక వంపూ తిరుగుతూ వెళుతుందని చూపించేవాడు. ఏ గాలికి బయలుదేరాలో, ఏ గాలికి తిరిగి రావాలో చెబుతుంటే ముందు బెంచీవాళ్ళు తెలియకుండానే ఒక పక్కకు ఒరిగేవారు. కరెంటు పోతే ఫ్యాను ఆగిపోయేది, అప్పుడు "ఇగో, గాలి పడిపోయింది, ఇంక నడిసంద్రంలో కూచోడమే," అని తనూ ఒక బెంచీమీద కూలబడేవాడు. కరెంటు వచ్చేదాకా అందరూ బుద్ధిగా నడిసంద్రంలో కూర్చునేవారు.

అసలు సంగతి ప్రసంగం అయ్యాక ఉండేది. ఎవరూ లేచి చక్కా పోవడానికి వీల్లేదు. మామయ్య గోడమీది పలకను దించి ముందు బెంచీమీద పెట్టేవాడు. ఒక్కొక్కరే వచ్చి, తమకన్నా ముందు వచ్చినవాళ్ళు వేసిన ముడి విప్పి, మళ్ళీ అదే ముడి వేసి, వెనకవాళ్ళకు చోటివ్వాలి. కట్టేది ఒకరు, విప్పేది ఇంకొకరు. తను కట్టింది తనే విప్పుకుంటానంటే మామయ్య దగ్గర చెల్లేది కాదు. ఎందుకంటే ఓడమీద నువ్వు తీరిగ్గా కట్టిన తాడును గాలివానలో, చేతులు కొంకర్లు పోతుండగా, ఇంకెవరో విప్పవలసి వస్తుంది. ఆ మనిషి విప్పలేకపోతే తెరచాప దిగదు, తెరచాప దిగకపోతే ఓడలో ఉన్నవాళ్ళందరికీ మూడినట్టే. "కట్టడం ఎవడైనా కడతాడ్రా ఒరేయ్. నీ తరవాతోడు విప్పగలిగితేనే అది ముడి, లేపోతే పీటముడి," అనేవాడు నాతో. ఎంతటి పెద్దమనిషైనా సరే, ఆయన వేసింది పీటముడైతే వెనకున్న నర్సమ్మ చీదరించుకుంటూ పళ్ళతో లాగుతుండగా పక్కనే నిలబడి ఉండాల్సిందే. అక్కడ ఎంతమంది నవ్వుకుని స్నేహితులయ్యారో నేను చూశాను.

ఈ పిచ్చి మామయ్యకు పెళ్ళినాటికే ఉందని మా అత్తయ్య చెప్పేది. తాళి కట్టమంటే మూడుముళ్ళూ ఓడముళ్ళే వేశాడట. అవి చూసి మా అమ్మమ్మ, ఇంత సుళువుగా వచ్చేట్టున్నాయేమిటి, పీటముడి వేయరా అని పందిట్లోనే కసిరిందట. విప్పే పని పడకపోతే ఈ ముడి ఎన్నేళ్ళైనా ఊడదమ్మా అని పురోహితుడి ఎదుటే వాదించాడట. ముహూర్తం దాటిపోతుందని అందరూ గోలపెడితే తప్ప ఆ వాదన తెగలేదట. అత్తయ్య ఆ కథ చెప్పి, మెడలో పసుపుతాడు తడుముకుని, ఇప్పటికైతే ఊడలేదులే అని ముసిముసిగా నవ్వేది.

తర్వాత జనం పల్చబడ్డారు, మ్యూజియం మూతబడింది, మామయ్య పోయాడు. పలక నా దగ్గరికి వచ్చింది. నాకు తపాలా శాఖలో ఉద్యోగమొచ్చి ఊళ్ళు తిరుగుతుంటే అదీ నాతో తిరిగింది. చివరికి కొడుకూ కోడలూ ఇక్కడే పనిచేస్తున్నారు గనక నాతోపాటు నల్లగండ్ల చేరింది. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళచేత ఒక ముడి విప్పించేవాణ్ణి. తాళ్ళు నలిగిపోతే కొత్త తాళ్ళు వేసేవాణ్ణి. నిజం చెప్పాలంటే మామయ్య చేత్తో వేసిన ముడి దానిమీద ఒక్కటీ మిగల్లేదు, అన్నీ ఎవరెవరో విప్పి కట్టినవే. ఆయన కోరుకున్నదీ అదే.

ఈమధ్య ఎవరో సంస్థవాళ్ళు ఆ పాత మ్యూజియాన్ని తీసుకుని బాగుచేశారట, ప్రసంగాలు కూడా మళ్ళీ మొదలుపెట్టారట. ఒక ప్రసంగం హైటెక్ సిటీలో, మా కోడలి ఆఫీసు హాల్లోనే పెడుతున్నారని తెలిసినప్పుడు, ఖాజాగూడ చెరువు తప్ప నీళ్ళు కనిపించని ఈ రాళ్ళ మధ్య సముద్రం గురించి ఎవరు వింటారని నవ్వుకున్నాను గాని లోపల మాత్రం పొంగిపోయాను. పాత వస్తువులుంటే ఇవ్వమని, ప్రసంగం అయ్యాక తిరిగి పంపుతామని వాళ్ళడిగితే పలక ఇచ్చాను. ఒక్కటే షరతు పెట్టాను, వచ్చినవాళ్ళ చేత ముళ్ళు విప్పించి కట్టించాలని. అలాగే అన్నారు. అలా వరసకట్టిన మనుషుల్ని మళ్ళీ ఒక్కసారి చూసి కళ్ళు మూస్తే చాలని నా ఆశ.

ప్రసంగం రోజు పెందలాడే బయలుదేరాను. కోడలు పొద్దున్నే వెళ్ళిపోయింది గనక నాకు కారు బుక్ చేసి పెట్టింది. నల్లగండ్ల ఫ్లైఓవరు దిగి గచ్చిబౌలి చేరేసరికే నా ఓపిక సగం కరిగిపోయింది. నేను వాచీ చూసుకుంటుంటే డ్రైవరు అద్దంలో చూసి, "గింతకే పరేషానైతె ఎట్ల సార్, ఈడ గిట్లనే ఉంటది. నడిచిపోయినా గంతే, బండిల పోయినా గంతే," అన్నాడు. నడవడానికి దారి ఎక్కడుందా అని కిటికీలోంచి వెతికాను.

ఎలాగో చేరితే గేటు దగ్గర ఫోటో తీసి, మెడలో సందర్శకుల ట్యాగు వేసి, సంచి వెతికారు. సంచిలో నేను తెచ్చుకున్న నూలుతాడు ఉంది. గార్డు దాన్ని పైకెత్తి, "తాడు లోపల్కి తీస్కపోనియ్యరు సార్. పోయేటప్పుడు తీస్కపోండ్రి," అన్నాడు. ఓడల గురించిన సభకు తాడు తీసుకెళ్ళకూడదా నాయనా అంటే నవ్వాడు గాని తాడు ఇవ్వలేదు. అతని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, అతని ఉద్యోగం అతనిది.

పై అంతస్తు హాలు మంచుగడ్డలా ఉంది. వేదిక పక్కన స్టాండుమీద, దీపాల వెలుగులో మామయ్య పలక తళతళలాడుతోంది, కింద ముట్టుకోవద్దని అట్టముక్క. దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. ఏర్పాట్లు చూస్తున్న అమ్మాయి పరుగున వచ్చి, "అందరు ముట్టుకుంటే ఊడిపోతయని మొత్తం ఫిక్స్ చేయించినం అంకుల్. ఇగ మీకు ఫికరే లేదు," అని సంబరంగా చెప్పింది. ఆ పిల్ల మొహంలో ఎంత ప్రేమ ఉందంటే నాకు తిట్టడానికి నోరు రాలేదు, ఏడవడానికి కన్నీళ్ళూ రాలేదు. నా షరతు సంగతి ఏమైందంటే, అది తనదాకా రాలేదంది. నాకు అలాగే అన్న పెద్దమనిషి ఆ ఛాయల్లోనే లేడు.

ప్రసంగం తప్పులతడకేమీ కాదు, తెరమీద అందమైన ఓడలు కనిపించాయి. కాని వినేవాళ్ళలో సగంమంది ఒళ్ళో కంప్యూటర్లు తెరుచుకుని ఉన్నారు, చెప్పేవారు సముద్రాన్ని వదిలేసి నాయకత్వం మీదికి, అక్కడినుంచి ఆఫీసు టీముల మీదికి పోయారు. గాలి ఎటునుంచి వీస్తుందో ఆయనా చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చివర్లో పలక ఇచ్చిన కుటుంబం తరఫున రెండు ముక్కలు చెప్పమని నన్ను పిలిచారు. పలక పనికిరాదు, తాడు గేటు దగ్గరుంది. ఏం చెయ్యాలో తోచక హాలువైపు చూస్తే ఒక్కొక్కరి మెడలో ఒక్కొక్క ట్యాగు తాడు. నా ట్యాగు తీసి అందరికీ కనిపించేట్టు ముడి వేసి చూపించి, మీరూ తీసి కట్టండి, పక్కవాళ్ళకిచ్చి విప్పించండి అన్నాను.

నవ్వారు. కొందరి చేతులు మెడదాకా వెళ్ళాయి గూడా. వెనకనుంచి ఎవరో, లోపలున్నంతసేపూ ట్యాగు తియ్యకూడదండీ అన్నారు, ఆ చేతులు మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అలా ఉంది నా పని. మూడో వరసలో ఒక్కావిడ మాత్రం తీసింది. నేను చెప్పినట్టే మెలితిప్పి, దూర్చి, లాగి చక్కటి ముడి వేసింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. దాన్ని విప్పడానికి ఆమె పక్కకు తిరిగితే పక్కనున్నాయన ఫోను చెవిన పెట్టుకుని లేచి వెళుతున్నాడు. అటుపక్క కుర్చీ ఖాళీ. నేను దిగి వెళదామనుకునేలోగా తర్వాతి మీటింగువాళ్ళు తలుపు తీసుకుని లోపలికి వచ్చేశారు. ఆమె నావైపు చూసి నొచ్చుకున్నట్టు నవ్వి, తన ముడి తనే విప్పుకుని, ట్యాగు మెడలో వేసుకుని వెళ్ళిపోయింది.

కోడలికి ఇంకా పని ఉందంటే ఒక్కణ్ణే కిందికి వచ్చాను. నా నూలుతాడు దొరకలేదు, డ్యూటీ మారిందట, కొత్త గార్డుకు సంగతి తెలియదు. ట్యాగు తీసి గేటు దగ్గరున్న బుట్టలో పడేసి కారెక్కాను.

మా అబ్బాయి పలకను హాల్లో టీవీ పైన తగిలిద్దామంటున్నాడు. తగిలించుకోనీ, చూడ్డానికి బాగానే ఉంటుంది. తెరచాప ఓడలు పోయాయని నాకు బాధ లేదు, మామయ్య కళ్ళముందే పోయాయి, ఆయనే తట్టుకున్నాడు. మన తర్వాత ఇంకొక చెయ్యి వస్తుంది, దానికి కష్టం కాకుండా కట్టాలి అని ఎంత ఓర్పుగా నేర్పించాడో, అది ఇలా జిగురు కింద గట్టిపడిపోయిందే అని నా ఏడుపు. అమ్మమ్మ పందిట్లో అడిగిన పీటముళ్ళు ఇన్నాళ్ళకు పడ్డాయి, అదీ మామయ్య పలకమీదే.

ఇంకో మాట. ఆ రోజు కారు గచ్చిబౌలి దాటాక గుర్తొచ్చింది, వేదికమీద నా ట్యాగుకు వేసిన ముడిని విప్పకుండానే బుట్టలో వేసి వచ్చానని. ఈపాటికి అది ఇంకెవరి మెడలోకో వెళ్ళే ఉంటుంది, ఆ మనిషి దాన్ని విప్పే ఉంటారు. బొటనవేలితో కాస్త వెనక్కి నెడితే వచ్చేస్తుంది. కత్తెర తేకుండా ఉంటే బావుణ్ణు.