పక్కకు జరిగిన నల్లరాయి

గుట్ట దగ్గర క్వారీ తవ్వకం ఆపమని బోనాలప్పుడు మొదటి అర్జీ: జవాబు లేదు. బతుకమ్మకు ముందు రెండవది: రసీదు సైతం లేదు. మూడవ అర్జీపై నాతోపాటు సంతకం చేసిన భూగోళ ఉపాధ్యాయిని సుగుణమ్మ గారు మొన్న సోమవారం మహబూబ్‌నగర్ దవాఖానలో గుండెపోటుతో కన్నుమూశారు. ఆమెకన్నా వయసులో పెద్దవాణ్ణి, ఆమెకు నేను నివాళి రాయవలసి రావడం నేటికీ నమ్మశక్యం కావడం లేదు.

కొత్తకోట సమీపంలో గులాబిరంగు గుట్టను నిలువునా చీల్చుకుంటూ సాగే నల్లరాతి పట్టీ ఒకచోట తెగి, మిగతా సగం పక్కకు తప్పి ఉంటుంది. ఆ పట్టీనే పొలం హద్దుగా నమ్మిన అన్నదమ్ములిద్దరు ఒకసారి, బడి పిల్లలకు దాన్ని చూపించడానికి వచ్చిన ఆమె ఎదుటే తగువు పడ్డారు.

"టీచరమ్మా, గీ రాయి మా తాతల నాటి హద్దు. మా తమ్ముడే జరిపిండు!"

"గంత బండను జరపనీకి నా తాన ఏనుగులున్నయా అన్నా?"

ఆమె తన డబ్బాలోని జొన్నరొట్టె తీసి, పచ్చడితో గీత గీశారు. గీతకు అడ్డంగా రొట్టెను రెండుగా తుంచి, ఒక సగాన్ని తెగిన అంచు వెంబడి జరిపారు. గీత విడిపోయింది.

"నువ్వు జరపలే, ఆయన జరపలే. మనమెవ్వలం పుట్టకముందు భూమే జరిగింది. హద్దు సంగతి కూసొని మాట్లాడుకోన్రి. ముందుగాల ఇది తినున్రి."

చెరొక సగం తిన్నారు.

భూఫలకాల కొన్ని సరిహద్దుల్లో ఇదే క్రియ భారీ ప్రమాణంలో సాగుతుందని ఆమె బోధించేవారు. రెండు ఖండాలు ఒరుసుకుంటూ పక్కలకు కదలజూస్తాయి, అంచులు పట్టేస్తాయి, ఒత్తిడి పేరుకొని హఠాత్తుగా జారితే భూకంపం. లక్షల ఏండ్లలో కొండలూ నదీమార్గాలూ దూరాలకు తరలిపోతాయి. మన గుట్టలోని భ్రంశం, అంటే ఆ విరుపు, ఏనాడో సద్దుమణిగింది. దాని గుర్తు మాత్రం మిగిలింది.

"గా సరిహద్దుల దాక మన పిల్లలను ఎవరు తీస్కపోతరు సార్? గీ రాయే చూపియ్యాలె," అనేవారు.

ఇప్పుడు క్వారీ ఒక సగాన్ని మింగి, విరుపు దాకా వచ్చింది. అంత్యక్రియలనాడు ఆ అన్న నా చేయి పట్టుకున్నాడు: "రాయి పోతే గీసారి మా తమ్ముడు నన్నే దొంగంటడు సార్. చెప్పనీకి టీచరమ్మ లేకపాయె."

ఆమె స్థానం ఎవరూ పూరించలేరు. ఆ రాయి స్థానమూ అంతే. కనుక సంబంధిత అధికారులను నాల్గవసారి అడుగుతున్నాను: ఆ విరుపు వద్ద తవ్వకం ఆపుతారా, ఆపరా? అవునో కాదో కారణంతో రాసి, సంతకం పెట్టి పంపండి. ఆమె బడి పిల్లలను ఆ గుట్టకు తీసుకుపోయి, మీ జవాబును అక్కడే చదివి వినిపిస్తాను.