మెత్తని చెయ్యి

నవనీత ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ల మోచేతి మడత వైపే చూస్తుంది. బస్సులో కడ్డీ పట్టుకున్న చేతులనూ వదలదు. రక్తం తీసే శిక్షణలో చేరి నాలుగు నెలలైంది. తల్లి అంజమ్మ నల్లగండ్లలో అపార్ట్‌మెంట్లు కట్టే పనికి బయలుదేరే ముందు, నవనీత రోజూ ఆమె చేతికి రబ్బరు పట్టీ కట్టి, కళ్లు మూసుకుని వేలితో నరం వెతుకుతుంది. ఇరవై ఏళ్లు ఇసుక తట్టలెత్తిన చెయ్యి అది. నరాలు తాళ్లలా పైకే ఉంటాయి.

సర్టిఫికెట్ కోసం ఆఖరి పరీక్ష మాదాపూర్‌లో, ఒక ఆఫీసు ఆరోగ్య శిబిరంలో పెట్టారు. ఆమె ముందు కూర్చున్న ఉద్యోగి చెయ్యి దూదిలా ఉంది. వేలు ఎక్కడ పెట్టినా ఏమీ తగల్లేదు. రెండుసార్లు గుచ్చినా రక్తం రాలేదు.

"పర్లేదండి, ఇంకోసారి చూడండి," అన్నాడతను.

మూడోసారి గుచ్చకూడదన్నది నియమం. శిక్షణ ఇచ్చే మేడమ్ ఆమెను పక్కకు జరిపి తానే కూర్చుంది.

సాయంత్రం సంగతంతా విని, అంజమ్మ కొంగుతో సిమెంటు తుడుచుకుని చెయ్యి చాపింది.

"నాది తియ్యి బిడ్డా. తీస్కపోయి సూపియ్యి. వాళ్లడిగింది రక్తమే గద."

నవనీత అలవాటుగా వేలు పెట్టింది. నరం మొదటిసారికే దొరికింది.