దీవి గంట పాత కంచు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, నేను చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో లోహం పోతపోసే ఒక ఫౌండ్రీకి క్వాలిటీ మేనేజరుగా ఉన్నాను. మేం పోసేవి వాల్వులు, పంపు భాగాలు. వచ్చిన ఆర్డరు మాత్రం చర్చి గంట!

గ్రీసులో ఒక చిన్న దీవి. ఉన్నది ఒక్కటే ఊరు, చర్చిలు మాత్రం కొండకొకటి. మా పాత ఖాతాదారైన ఓడ ఇంజనీరుది ఆ ఊరే. పగిలిన గంటను పదకొండు ముక్కలు చేయించి, తన ఓడలోనే తెచ్చి అప్పగించాడు. వెంట అక్కడి ఫాదరు రాసిన ఉత్తరం ఉంది. పూర్వం ఆ గంట పోసినప్పుడు, సముద్రంలో పోయినవాళ్ల భార్యలు తమ ఉంగరాలు అందులో వేశారట. శవాలు దొరకని ఆ మనుషులకు వేరే సమాధులు లేవు. కాబట్టి పాత కంచు అంతా కొత్త గంటలో కలవాలన్నదే ఆయన పెట్టిన ఒకే ఒక షరతు.

కొలిమిలో ఏ లోహం ఎంత వేయాలో చెప్పే కాగితాన్ని ఛార్జి చీటీ అంటాం. రాసేదీ, సంతకం పెట్టేదీ నేనే. ఒక రోజు నా బల్ల మీద రెండు చీటీలున్నాయి, వాల్వులకొకటి, గంటకొకటి. గంట ముక్కలను నేను వాల్వుల చీటీలో రాసేశాను. మర్నాడు పొద్దున రిజిస్టరు తిప్పితే గాని ఆ పొరపాటు తెలియలేదు. వాల్వులు అప్పటికే పోసేశారు. ఆ ఫాదరుకు ఏమని రాయను?

ల్యాబుకు పరుగెత్తాను. గంట కంచులో తగరం ఎక్కువ. అది కలిసి ఉంటే వాల్వుల నమూనాలో తేలిపోవాలి. తగరం ఎంత ఉండాలో అంతే ఉంది. అంటే ముక్కలు కొలిమిలో పడలేదు. మరి ఏమైనట్టు?

కొలిమిలో లోహం కరిగించే మెల్టరు మునిరత్నాన్ని పిలిచాను. ఉత్తర చెన్నై వ్యాసర్పాడిలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం అతనిది.

"అది సామి గంట సార్. కుళాయిలకి ఎట్లా పోసేది? ఆడ పూజ పటం కింద పెట్టినా. దాని బదులు వేరే తుక్కు ఏసినా" అన్నాడు. వాల్వులన్నీ అతనికి కుళాయిలే.

నిన్ననే ఎందుకు చెప్పలేదని గదమాయించాను.

"మీరు సంతకం పెట్టినారే సార్. ఆపైన నేనేం చెప్పేది?"

పటం కింద ముక్కలు పదకొండూ ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. ప్రాణం లేచొచ్చి, పక్కనున్న ఇసుక బస్తా మీద కూలబడి నవ్వేశాను. చీటీ తప్పి వేరే తుక్కు వేసినందుకు అతనికి మెమో ఇవ్వాలి నిజానికి. ఇవ్వలేదు. మరుసటి వారం అతనే కర్పూరం వెలిగించి గంట పోశాడు.

నా సంతకం తప్పును ఆపలేదు సరికదా, తప్పని తెలిసినవాడి నోరు కూడా మూయించింది. ఆ నెల నుంచి ఛార్జి చీటీ మీద రెండు సంతకాలు పెట్టించాను. మొదటిది మెల్టరుది.