మునిగిన పడవపై ఏకగ్రీవ తీర్మానం

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగిన రోజుల్లో మహదేవపూర్ దగ్గరి మా పెద్దమ్మ ఊళ్లో కమిటీ లేని ప్రాణి కనిపించేది కాదు. ప్రతి కులానికీ, ప్రతి వృత్తికీ ఒక ఐక్య కార్యాచరణ కమిటీ. మా నోట అది 'జాక్'. బర్రెలు మాత్రమే ఏ జాక్‌లోనూ చేరకుండా నిస్సిగ్గుగా మేత మేసేవి. జనగామలో నా డిగ్రీ కాలేజీ బందు వల్ల మూతపడింది. చర్చాపోటీల్లో గెలిచిన కప్పుల గర్వంతో నేను పెద్దమ్మ ఇంటికి వచ్చాను. ప్రత్యేక రాష్ట్రం న్యాయమైన కోరిక అని ఎన్నో వేదికల మీద వాదించినదాన్ని. న్యాయమైన కోరికకు అబద్ధపు సాక్ష్యం ఎందుకన్న ప్రశ్న మాత్రం గోదావరి ఒడ్డున తొలిసారి అడగవలసి వచ్చింది.

పెద్దమ్మ మిర్చి చేను నది నడుమ లంకలో ఉండేది. కోసిన కాయ అక్కడే కల్లంలో ఆరుతోంది. ఆకాశం చూస్తే చెడగొట్టు వాన వచ్చేలా ఉంది. తడిస్తే కాయ తెల్లబడి తాలు అవుతుంది, ఏడాది కష్టం పోతుంది. మనుషులు రొమ్ములోతు నీళ్లలో దాటగలరు గానీ బస్తాలు దాటలేవు. ఊళ్లో ఉన్నది పెద్దమ్మ పాత పడవ ఒక్కటే.

ఒడ్డున బోర్లించి ఉంచిన పాత పడవకు పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. పెద్దమ్మ ఆ సందుల్లో నూనెలో నానిన నార కుక్కింది, పైన డాంబరు పూసింది, తర్వాత పడవలో రాళ్లు పేర్చి ఒడ్డు పక్కనే ముంచేసింది. కర్ర నీళ్లు తాగి ఉబ్బితే సందులు తామే మూసుకుంటాయి. దీన్ని ఆమె 'తాపుడు' అంటుంది. పడవ తాగుతున్నంతసేపూ ఆమె ఇంట్లో కూర్చుని యూరియా బస్తాలతో తెరచాప కుట్టింది.

ఇంతలో జాక్ పడవల ర్యాలీ ప్రకటించింది. ఊళ్లో ఒక్క పడవే ఉన్నా కరపత్రంలో బహువచనమే వేశారు. ఆశయం గొప్పదైనప్పుడు వ్యాకరణం అడ్డు రాకూడదు కదా. పెద్దమ్మను అడగాలన్న అంశం ఎజెండాలో లేదు.

కేకలు విని మేము ఒడ్డుకు వెళ్లేసరికి పడవ ఇసుక మీద, ఎండలో, మెడలో బంతిపూల దండతో ఉంది. రాళ్లు నదిలోకి విసిరేశారు.

"అక్కా, నీ పడవను రాళ్లేసి మరీ ముంచిన్రు! గిది సీమాంధ్ర కుట్ర!" అన్నాడు జాక్ కన్వీనర్.

"ఎవడు ముంచిండ్రా? నేనే ముంచిన."

కన్వీనర్ పడవ మెడలో దండ సర్దాడు. "నువ్వు ముంచలే అక్కా. వాళ్లు నీతోని ముంచిపిచ్చిన్రు."

నేను ముందుకు వచ్చి, ఎండిన పడవ ఎందుకు కారుతుందో, ఇందులో కుట్ర ఎందుకు లేదో క్రమపద్ధతిలో వివరించాను. ప్రతి వాక్యానికీ చప్పట్లు కొట్టారు. "చెల్లె మస్తు మాట్లాడింది. జై తెలంగాణ!" అని, పడవ సురక్షితమని చేతులెత్తి ఏకగ్రీవంగా తీర్మానించారు. నా జీవితంలో అంత ఘనమైన ఓటమి మరొకటి లేదు. నార ఊడిన చోట పలకల సందుల్లోంచి అవతలి ఇసుక కనిపిస్తోందని చెప్పబోయాను. చర్చ ముగిసిందన్నారు.

మధ్యాహ్నం వరకు ఉపన్యాసాలు సాగాయి. పడవ ఎండింది. తర్వాత నాయకులంతా ఎక్కారు. ఒడ్డు విడిచి నాలుగు బారలు పోకముందే నినాదాలు కేకలయ్యాయి. పడవ మర్యాదగా అడుగుకు దిగి, పెద్దమ్మ ముంచిన చోటికి దగ్గర్లోనే కూర్చుంది. నాయకులు దానిలోనే నడుములోతు నీళ్లలో నిలబడ్డారు. అప్పుడే విలేకరి వచ్చాడు.

"ఏందన్నా గిది?"

"జలదీక్ష!" అన్నాడు కన్వీనర్. ఆ సమయస్ఫూర్తికి నా కప్పులన్నీ ఇచ్చేయవచ్చు.

ఫోటో తీశారు. దీక్ష పొద్దుగూకేదాకా అని విలేకరికి చెప్పారు కాబట్టి దిగడానికి వీల్లేకపోయింది. చలికి వణుకుతూ ఒకాయన కాలు బయటపెట్టబోతే పెద్దమ్మ గట్టిగా అరిచింది: "దిగకుండ్రి! రాళ్లు పారేసిన్రు గద, ఇగ మీరే రాళ్లు. నా పడవను తాగనియ్యిండ్రి!"

పొద్దుగూకాక నాయకులు దిగినా పడవ రాత్రంతా నీళ్లలోనే ఉండి, తెల్లవారేసరికి సందులు మూసుకున్నాయి; నీళ్లు తోడితే తేలింది. మబ్బు మాత్రం నల్లబడింది. కన్వీనర్ తుమ్ముతూ ఒడ్డుకు వచ్చి, "అక్కా, బస్తాలు మొయ్యనీకి నేనొస్త" అన్నాడు. అతను మంచివాడు కాడని నేనెన్నడూ అనలేదు.

"ఎక్కు. గాలి జోరుగున్నది, ఖాళీ పడవ ఒరుగుతది. నడుమ రాయి లెక్క కూసో, కదలకు."

తెరచాప గాలి పట్టింది. ముగ్గురం లంక చేరి, బస్తాలు నింపి తిరిగి వస్తుండగా నడినీళ్లలో చినుకు మొదలైంది. పెద్దమ్మ తెరచాప దించి మిర్చి మీద కప్పింది. గాలి ఉండీ పనికి రాకుండా పోయింది. కన్వీనర్ చేతికి తెడ్డు వచ్చింది.

అతను ఆకాశం వైపు అనుమానంగా చూశాడు. "అక్కా, గీ వాన..."

"కుట్రనే తమ్మీ. తెడ్డెయ్యి."