ముందు ఎడమవైపు కమాన్ కట్ట

ములకలపల్లి దాటి అడవి మొదలయ్యే చోట, రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న బిచ్యాను అబద్ధాలకోరు అనడం అన్యాయం. అతను చెప్పేదాంట్లో సగం ఎప్పుడూ నిజమే.

ఇరవై ఏళ్లుగా జీపులకూ లారీలకూ కమాన్ కట్టలు మార్చడం అతని పని. బండి బరువంతా మోసేవి వంపు తిరిగిన ఆ ఉక్కు పట్టీల కట్టలే. బండి మూలమలుపులో ఉండగానే చప్పుడు విని ఏ చక్రం మీద పట్టీ విరిగిందో చెప్పేస్తాడు. చుట్టుపక్కల డ్రైవర్లందరికీ అతని మాటంటే గురి. ఇంట్లో మాత్రం పైసా విలువ లేదు.

దానికి కారణం ఉంది. పాల్వంచ అవతలి తండా నుంచి ద్వాలిని పెళ్లి చేసుకొచ్చినప్పుడు, ఏటా లంబాడీల తీజ్ పండక్కి జీపు ముందు సీట్లో కూర్చోబెట్టి పుట్టింటికి తీసుకుపోతానని మాటిచ్చాడు. ఒక ఏడు అడిగి తెచ్చిన బండి దారిలోనే మొరాయించింది. ఇంకో ఏడు పండగ రోజంతా ఎవరిదో లారీ కిందే పడుకున్నాడు. పోయినేడు ద్వాలి షేర్ ఆటోలో, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టుకుని వెళ్లింది. ఆమె చెల్లెలు మాత్రం దర్జాగా ముందు సీట్లోంచి దిగింది.

"ఈసారి గూడ గట్లనే అయితే ఒక్కదాన్నే బస్సెక్కుత. దీపావళిదాక మళ్లీ రాను. నీ బువ్వ నువ్వే వండుకో," అని తేల్చేసింది ద్వాలి.

బిచ్యాకు అన్నం వండటం రాదు. అదొక్కటే అయితే ఏదో ఒకటి తిని బతికేవాడే. ద్వాలి తిట్లు వినపడని ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేడు. ఆ సంగతి ఆమెకు చెప్పేంత ధైర్యం మాత్రం లేదు.

అది రెండువేల ఏడో సంవత్సరం. తొమ్మిది రోజుల తీజ్ ముగింపు ఇక వారం ఉందనగా సత్తుపల్లి నుంచి వెంకటరామారావు మాస్టారి జీపు వచ్చింది. ఆయన లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. వేలంలో పాత ఫోర్ వీల్ జీపు కొని, ఏడాదిపాటు దాన్ని చంటిపిల్లలా సాకాడు. ఇంజను, రంగు, టాపు, అన్నీ కొత్తవే. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి ఎవర్నీ కూర్చోనివ్వలేదు. భార్య నిర్మలాదేవి ఒక్కసారి భద్రాచలం తీసుకుపొమ్మంటే, "కట్టలు మార్చాక చూద్దాం" అనేవాడట. ఇప్పుడు కట్టలొక్కటే మిగిలాయి.

పాతవి వంపు పోయి చదునుగా అయిపోయాయి. రెండు పట్టీలకు పగుళ్లు కూడా. బిచ్యా నాలుగు చక్రాలకూ కొత్త కట్టలు వేసి, రబ్బరు బుష్‌లు మార్చి, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు బిగించాడు. జీపు మెడ నిక్కించి నిలబడింది.

"ఇంత ఎత్తు లేచిందేంటయ్యా?" అన్నాడు మాస్టారు.

"కొత్త కట్టలు గదా సార్. బరువేసి తిప్పితే అంగుళం దిగుతయ్. అప్పుడు బోల్టులు మళ్ల బిగియ్యాలె." ఇది నిజమైన సగం.

"అయితే ఇసుక బస్తాలేద్దాం."

"ఇసుక సచ్చిన బరువు సార్. కట్టకు ఊగే బరువు కావాలె. మనుషులే కావాలె." ఇది మిగతా సగం.

మాస్టారు కళ్లజోడు పైనుంచి చూశాడు. "మనుషుల్ని ఎక్కడ తేవాలి?"

"నేను చూసుకుంట. మీరు రంది పడకుండ్రి."

"సరే. కానీ కొలిచే టేపు నా చేతిలో ఉంటుంది. అంగుళం దిగిందంటే అడవి మధ్యైనా సరే, అక్కడే అందరూ దిగాలి."

మర్నాడు పొద్దున్నే, పండక్కి ద్వాలి పుట్టింటి తండాకు పోయే పదకొండు మంది చుట్టాలు, మూటలతో సహా ఊగే బరువులుగా హాజరయ్యారు. మాస్టారు ముందు సీటు వైపు కదలగానే బిచ్యా అడ్డంపడ్డాడు.

"ఆగుండ్రి సార్! ముందు ఎడమ కట్ట నాజూకు. యాభై కిలోలు దాటొద్దు. మీరు వెనక కూసోండ్రి."

"మరి ముందు ఎవరు?"

"మా ద్వాలి సార్. తూకమేసినట్టు సరిపోతది."

ద్వాలి ఎక్కింది. ఆమె అద్దాల లంగా తగిలి ప్లాస్టిక్ కవరు పర్రున చిరిగింది. మాస్టారు వెనక ఎక్కి ఇద్దరు ముసలమ్మల నడుమ ఇరుక్కున్నాడు. ఒకామె తన మూట ఆయన ఒళ్లో పెట్టి పాట అందుకుంది.

మూడు కిలోమీటర్లకోసారి ఆపాల్సిందే. అందరూ దిగాలి, ఆయన బంపరు నుంచి నేలకు టేపు పట్టాలి, పుస్తకంలో రాసుకోవాలి. స్టీరింగు పట్టిన బిచ్యా తెలివిగా ముందు చక్రాలు రాళ్ల మీద నిలిచేలా ఆపేవాడు. టేపులో ఎత్తు ఎంత మాత్రం తగ్గేది కాదు. ప్రతిసారీ మాస్టారి పెన్ను జారి కింద పడేది. వంగి, బండి కిందికి దూరి, దుమ్ము దులుపుకుంటూ లేచేవాడు. దిగినప్పుడల్లా ద్వాలి ముందు సీటు మీద చెయ్యి వేసే నిలబడేది, ఇంకెవరూ ఎక్కకుండా.

తండా ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా ఒక్క రాయీ దొరకలేదు. చదునైన నేల. కట్టలు అంగుళానికి మించే దిగాయని బిచ్యాకు కంటిచూపుతోనే తెలిసిపోయింది. ఇక్కడ దింపేస్తే అంతే, దీపావళిదాకా ఒంటరి బతుకు.

మాస్టారు టేపు పట్టాడు. చాలాసేపు చూశాడు. సీటు మీద చెయ్యేసి నిలబడ్డ ద్వాలిని కూడా చూశాడు.

"ఇంకా దిగలేదు. ఎక్కండి, జల్దీ," అన్నాడు.

టేపు పాడైపోయి ఉంటుందనుకుని బిచ్యా మొక్కుకోవలసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

తండాలోకి వెళ్లాక ద్వాలి వెంటనే దిగలేదు. తల్లి వచ్చింది, వదినలు వచ్చారు, ఆఖరికి చెల్లెలు కూడా బయటికొచ్చింది. అప్పుడు కాలు కింద పెట్టింది. బిచ్యా వైపు చూసి, పెళ్లయ్యాక మొదటిసారి, తిట్టకుండా నవ్వింది. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. యూ బోల్టులు బిగించాలంటూ బండి కిందికి దూరాడు.

మాస్టారు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "మూడో కిలోమీటరు దగ్గరే అంగుళం దిగింది బిచ్యా."

బిచ్యా చేతిలో పానా ఆగిపోయింది.

"బంపరు దగ్గర కొలిచింది నీ కోసం. పెన్ను పడేసుకుని రాళ్ల ఎత్తు కలవకుండా ఇరుసు నుంచి పైనున్న చాసిస్‌కు కొలిచింది నా కోసం. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పానయ్యా. రాళ్లెక్కిస్తే తెలియదనుకున్నావా?"

"అవ్ సార్, తప్పయింది. మరి దింపలేదేంది?"

మాస్టారు చిరిగిన కవరు వైపు చూశాడు. "ఏడాదిగా ఆ సీటుకు కాపలా కాశాను. మా ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో! ఇవాళ నీ భార్య అందులో కూర్చున్న తీరు చూశాక నాకు సిగ్గేసింది. రేపు నిర్మలను భద్రాచలం తీసుకెళ్తాను. కానీ ఇన్నాళ్లు వద్దన్నవాణ్ణి, ఇప్పుడు రమ్మంటే నమ్ముతుందా?"

బిచ్యా బండి కిందనుంచి బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "గదెంత పని సార్! ముందు ఎడమ కట్ట ఇంక దిగలేదు, అమ్మగారు కూసుంటేనే దిగుతదని నేను చెప్త. యాభై కిలోల లోపు ఉంటరా అమ్మగారు?"

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ మాట మాత్రం నువ్వే అడుగు నాయనా."