కంచె పక్క ఖాళీ జాగా

రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడో ముగిసిందని చరిత్రకారులు రాస్తారు. వాళ్ళెవరూ దుమ్ముగూడెం రాలేదు కాబట్టి అలా రాసి ఉంటారు. మొన్నటి ఎండాకాలంలో నా కిరాయి ఇంటి పెరట్లో ఆ యుద్ధం తాలూకు చిన్న దాడి ఒకటి జరిగింది. దాడి చేసింది నేను. ఎదుటి పక్షం మట్టిలో నిద్రపోతూ ఉంది. నష్టం ఏ పాటిదో చెప్పాలంటే, మా అత్తగారు ఇప్పటికీ నాకు వడ్డించే ముందు "ఇది ఏం కూరనో తెలుసా బాబూ?" అని అడిగి, నేను సరైన జవాబు చెప్పాకే గరిటె వంచుతారు.

నేను బ్యాంకులో గుమాస్తాను. సొంతూరు పెనుబల్లి, ఉద్యోగం గోదావరి ఒడ్డున. నా భార్య పద్మ ఏన్కూరులో సర్కారు దవాఖానాలో నర్సు. అక్కడే తల్లి ఇంట్లో ఉండి డ్యూటీకి వెళ్తుంది. పెళ్ళయిన నాటి నుంచి మా కాపురం బస్సుల్లో సాగుతోంది. రెండో శనివారం నేను అటు వెళ్తాను, లేదంటే ఆమె ఇటు వస్తుంది. వచ్చినవాళ్ళు అలసిపోయి ఉంటారు, ఉన్నవాళ్ళు వంటింట్లో ఉంటారు. ఇద్దరం తీరిగ్గా కూర్చునేసరికి ఆదివారం మధ్యాహ్నం అవుతుంది, ఎవరో ఒకరు సంచి సర్దుకోవడం మొదలుపెడతారు.

వానాకాలం వస్తే ఆ కాస్తా ఉండదు. ఊళ్ళకు ఊళ్ళు జ్వరాలతో మంచం పడతాయి, నర్సులకు సెలవు దొరకదు. వాన పడుతుంటే మొగుడూ పెళ్ళాలు కిటికీ దగ్గర కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటారని విన్నాను. మేమైతే ఫోన్లో "మీ దగ్గర పడుతోందా?" "లేదు, ఇక్కడ ఆగింది" అంటూ వాతావరణ శాఖ ఉద్యోగుల్లా మాట్లాడుకునేవాళ్ళం.

ఇలాంటి మనిషి సాయంత్రాలు ఏం చేస్తాడు? కొందరు తాగుతారు. నేను చదివాను. ఏది ఎక్కువ ప్రమాదమో ఈ కథ అయ్యాక మీరే తేల్చండి.

భద్రాచలంలో పాత పుస్తకాలమ్మే ఒకాయన దగ్గర లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. యుద్ధం గురించే గానీ అందులో ఫిరంగులు తక్కువ, వంకాయలు ఎక్కువ. ఓడలు రాక, సరుకులు అందక, ఎక్కడో చలిదేశంలో ఇళ్ళల్లో మిగిలినవాళ్ళు ఎలా బతికారో రాశారు. ఆటస్థలాల్లో బంగాళాదుంపలు వేశారట. పూలమొక్కలు పీకేసి క్యాబేజీ నాటారట. ఆకలేసినప్పుడు అడవిలో దుంపలు తవ్వుకున్నారట. అది పూర్తయ్యాక అదే దుకాణంలో పెరటి తోటల మీద ఒకటి, పొదుపు మీద ఒకటి కొన్నాను. పొదుపు మీద పుస్తకం కొనడంలో ఉన్న వైరుధ్యం ఆ రోజు నాకు తట్టలేదు.

నిజానికి నన్ను పట్టుకున్నది క్యాబేజీ కాదు. ఆ పుస్తకంలో మధ్యమధ్య మొగుడూ పెళ్ళాల సంగతులు వస్తాయి. అతను సముద్రం అవతల ఎక్కడో ఉంటాడు. ఆమె పెరట్లో బఠానీ నాటి, కాయ కాసేనాటికి వస్తాడని చూస్తూ ఉంటుంది. వాళ్ళ మధ్య సముద్రం ఉంది, మా మధ్య కొత్తగూడెం బస్టాండు ఉంది. పరిమాణంలో తేడా ఉందని నేనూ ఒప్పుకుంటాను.

చలికాలంలో ఒకసారి పద్మ వచ్చినప్పుడు నేను ఆ భాగమే చదువుతున్నాను. ఆమె పెరట్లో ఏదో పని చేసుకుని, చేతులు కడుక్కుంటూ ఏవో రెండు మూడు మాటలు చెప్పింది. నేను "ఊఁ" అన్నాను. ఆమె మళ్ళీ చెప్పింది. మళ్ళీ "ఊఁ" అన్నాను. మూడో మాటకు మాత్రం పుస్తకం మూసి తల ఎత్తాను. "ఈసారి వానలప్పుడు ఎట్లయినా లీవ్ తీసుకుంట. ఒక్క వానకాలమన్న ఇద్దరం ఒక్క ఇంట్ల ఉందాం" అంటోంది. కాపురంలో అవసరమైన మాట ఏదో నా చెవికి సహజంగానే తెలుసని ఆ రోజు మురిసిపోయాను.

ఆమె వెళ్ళిన మర్నాటి నుంచి నా జీవితం యుద్ధ ప్రాతిపదికన మారిపోయింది. ఆమె వచ్చేనాటికి ఇల్లు పచ్చగా ఉండాలి, కూరగాయ అన్నది బయట కొనకూడదు. కాచిన టీపొడినే మళ్ళీ కాచాను. అరిగిన సబ్బు ముక్కలన్నీ కలిపి ముద్ద చేస్తే అదొక కొత్త జంతువులా తయారైంది. స్నానం నీళ్ళు బొచ్చెలో పట్టి బెండ మొక్కలకు పోశాను. ఇంటి ఓనరు కోటయ్య బాబాయి మిర్చి రైతు, మాది ఒకటే ప్రహరీ. ఆయన ఆ బొచ్చె వంక కాసేపు చూసి, "సారూ, బ్యాంకుల ఏమన్న ఇబ్బందా?" అని మెల్లగా అడిగాడు.

ఎండలు ముదిరాక నా కన్ను కంచె పక్క జాగా మీద పడింది. ఒక్క గడ్డిపోచ లేకుండా బోసిగా ఉంది. అంత నేల ఊరికే పడి ఉండటం యుద్ధకాలంలో దేశద్రోహంతో సమానమని పుస్తకం అభిప్రాయం. ఒక ఆదివారం పొద్దున్నే గడ్డపార దించాను.

దుంపలు దొరికాయి. మట్టి రంగులో, కొన్ని ముల్లంగిలా సన్నగా, ఎక్కువ మాత్రం కంద పిలకల్లా లావుగా ఉన్నాయి. మీరే ఆలోచించండి. ఒకపక్క అడవి దుంపల గురించిన పుస్తకం, ఇంకోపక్క ఊరి చుట్టూ అడవి, మధ్యలో దుంపలు. ఇంకెవరైనా అయితే అవేమిటో ఎవరినైనా అడిగేవారు. నేను పులుసు పెట్టాను. లావువి ముందు వండుకుని, చిన్నవి రేపటికి దాచాలన్న పొదుపు సూత్రం ప్రకారం సన్నవాటిని గిన్నెలో తీసి పెట్టాను. ఈ కథలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. అది కూడా సగమే తెలివైనదని తర్వాత తేలింది.

కోటయ్య బాబాయిని భోజనానికి పిలిచాను. మొదటి ముద్దకు ఆయన ముఖంలో ఏ మార్పూ రాలేదు. మార్పు రాకుండా ఉండటానికి ఆయన పడిన కష్టం మాత్రం కనిపించింది. నా ముద్ద నోట్లోకి వెళ్ళాక కారణం తెలిసింది. వేపాకు, కుంకుడు రసం కలిసి కాపురం పెడితే ఆ రుచి వస్తుంది.

"ఏం దుంపలు సారూ ఇవి?"

"అడవివి. మంచి బలం."

"అవ్, గింత చేదున్నదంటే మస్తు బలం ఉంటది" అని ఆయన ఇంకో చెంబెడు మంచినీళ్ళు తాగాడు. మొహమాటం ఆయనది, పౌరుషం నాది. ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.

సాయంత్రం విజయగర్వంతో పద్మకు వీడియో కాల్ చేసి, మిగిలిన సన్న దుంపల గిన్నె కెమెరా ముందు పెట్టాను. ఫోన్లో ఆమె ముఖం కదలకుండా నిలిచిపోయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను. మా దగ్గర అది మామూలే. ఆ రోజు మాత్రం పోలేదు.

"ఏడ తవ్వినవ్?"

"కంచె పక్కన. ఖాళీగా ఉంటేనూ."

"ఖాళీగ ఉన్నదా?"

"పైకి ఏమీ లేదు మరి."

"ఎండకాలం పైకి ఏముంటది? అది బోడకాకర, మీరు ఆకాకర అంటరు. దుంప లోపల పండుకుంటది, వాన పడితే లేస్తది. చలికాలంల వచ్చినప్పుడు నేనే పెట్టిన. ఆడ తవ్వకని చెప్పిన గదా. ఊఁ అన్నవ్."

"అన్నానా?"

"రెండుసార్లు అన్నవ్. సరే, మిగతాయి ఏవి?"

మనిషి జీవితంలో సిగ్నల్ కోసం ప్రార్థించే సందర్భాలు ఉంటాయి, అది పోవాలని ప్రార్థించే సందర్భాలూ ఉంటాయి.

"పులుసు పెట్టాను."

"బోడకాకర దుంపలతోని పులుసు పెట్టినవ్."

"చింతపండు కొంచెం ఎక్కువైంది."

ఫోను చేతులు మారింది. ఇప్పుడు అత్తగారు. "బాబూ, అవి మా పొలం గట్టు మీదివి. మా అత్త నాటినయ్. ఏరి ఏరి పంపిన. ఎట్లున్నయ్?"

"చేదుగా ఉన్నాయండీ."

"దుంప చేదే ఉంటది బాబూ. కాయ కమ్మగుంటది. కాయ కాసేదాంక ఆగాలె."

ఫోను మళ్ళీ పద్మ చేతికి వచ్చింది. ఆమె కోపంగా ఉంటే నాకు అంత బెంగ ఉండేది కాదు. నెమ్మదిగా మాట్లాడింది. "సూపరింటెండెంటు మేడంను ఎంత బతిమాలితే లీవ్‌కు ఒప్పుకున్నదో తెలుసా? వాన పడుతుంటే మనింటి తీగెకు కాసిన కాయ తెంపి వండుదామనుకున్న. ఇంక ఏమున్నదని రావాలె?"

నేనున్నానుగా అనబోయి ఆగాను. ఆ పూట అది పెద్ద ఆకర్షణలా అనిపించలేదు.

ఆమె ఫోను పెట్టేయగానే ఆ గిన్నెలోని సన్న దుంపలను, అవి తీసిన చోటే, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టి మట్టి కప్పాను. పుస్తకాలు మూడూ అటక ఎక్కించాను. తొలకరి దాకా మా మాటలు "తిన్నవా", "తిన్నాను" దగ్గరే ఆగిపోయాయి. నేను ఏం తిన్నానో ఆమె అడగలేదు. అడగకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

వాన పడింది. బ్యాంకుకు వెళ్ళేముందు, వచ్చాక, కంచె దగ్గర గొంతుక్కూర్చునేవాణ్ణి. కోటయ్య బాబాయి కూడా వచ్చి పక్కనే కూర్చునేవాడు. ఆ పులుసులో ఆయనకూ వాటా ఉందన్న బాధ్యత అనుకుంటాను. ఒకరోజు మట్టి పగిలి, పచ్చటి కొస ఒకటి వంకరగా తల బయటపెట్టింది. ఫోటో పంపాను. చాలాసేపటికి జవాబు వచ్చింది, "ఆకు అదే." ప్రేమలేఖల గురించి చాలా చదివాను గానీ, ఇంత హాయిగా ఊపిరి ఆడించింది ఒక్కటీ లేదు.

తీగలు కంచె ఎక్కాయి. ఆకు ఆకుకూ ఫోటో పంపాను. పసుపు పూలు సాయంత్రానికి విచ్చుకోవడం మొదలయ్యాక, ఒక రాత్రి ఆమె "లీవ్ క్యాన్సిల్ చేసుకోలే. వస్తున్న" అంది. ఇక పూలే పూలు. పొద్దున్నే రాలేవి, సాయంత్రం కొత్తవి పూసేవి. కాయ మాత్రం పడలేదు. ఇంకా టైముందిలే అనుకున్నాను.

జోరువానలో పద్మ దిగింది. గొడుగు నాకిచ్చి, సంచి నేల మీద పెట్టి, తడుస్తూనే కంచె దగ్గరికి వెళ్ళింది. ఒక్కో పువ్వునూ వెనక్కి తిప్పి చూసింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి, కంచె పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో నాకప్పుడు తెలిసింది.

"అన్నీ మగయే" అంది.

"అంటే?"

"బోడకాకరల ఆడ తీగె వేరే, మగ తీగె వేరే. ఆడ పువ్వు ఎనక చిన్న కాయ లెక్క బొడిపె ఉంటది. ఒక్కదానికన్న ఉన్నదా చూడు. ఆడ దుంపలు లావుగుంటయ్. అవన్నీ నువ్వు తిన్నవ్, సన్నయి మగయి దాచినవ్."

"పెద్దవి ముందు వండాలని పుస్తకంలో..."

"పుస్తకం కూడ మగోడే రాసి ఉంటడు."

సంచి విప్పింది. అడుగున, తడవకుండా చీర మడతల్లో, ఏన్కూరు పొలం గట్టు బోడకాకరకాయలు ఉన్నాయి. నా తోట మీద అత్తగారికున్న నమ్మకం అది. పద్మ కాయల్ని చక్రాల్లా తరిగి, నూనెలో ఎర్రగా వేయించింది. బయట వాన. ఎవరూ ఎవరినీ "మీ దగ్గర పడుతోందా" అని అడగాల్సిన పని లేకపోయింది. సెలవు అలాగే గడిచింది. సెలవులకు ఒక చెడ్డ గుణం ఉంది, అవి గడుస్తాయి.

ఆమె వెళ్ళాక అత్తగారు ఫోన్ చేశారు. "వచ్చే చలికాలం ఆడ దుంపలు పంపుత బాబూ. గాని మీ చేతికియ్య. నా బిడ్డనే ఆడ ఉండి చూసుకోవాలె. బదిలీకి పెట్టుకొమ్మన్న, పెట్టుకున్నది."

ఆర్డరు ఇంకా రాలేదు. ఇది రాస్తుంటే సాయంత్రమవుతోంది, కంచె మీద పసుపు పూలు ఒక్కొక్కటీ విచ్చుకుంటున్నాయి. పొద్దున్నకు రాలిపోతాయని వాటికీ తెలుసు, అయినా పూస్తున్నాయి. ప్రస్తుతం ఈ ఇంట్లో మగవాళ్ళమందరం కలిసి ఎదురుచూస్తున్నాం.

ఇందుమూలంగా యావన్మందికీ ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా, ఎండాకాలంలో బోసిగా కనపడే నేల ఎవరిదైనా సరే, ఇకమీదట నేను గడ్డపారతో ముట్టను. మూడో ప్రపంచ యుద్ధం వచ్చినా ముట్టను. వస్తే పస్తులుంటాను. పద్మకు బదిలీ అయ్యాక ఆమె వేలు పెట్టి చూపించిన చోటే తవ్వుతాను, అదీ ఆమె పక్కన నిలబడితేనే. రోజూ నిలబడాల్సి వస్తుందని ఆమెకు ముందే చెప్పి ఉంచాను.