శేషుకుమారి ముప్పై మూడో యేడు

శేషుకుమారి పెళ్లి బట్టలు కుట్టదు. సిడ్నీ శివారు గిరావీన్‌లోను, పక్కనే పెండిల్ హిల్‌లోను ఉండే తెలుగువాళ్లందరికీ 1999 నాటికే ఈ సంగతి తెలుసు. చీరకు ఫాల్ వేస్తుంది, ఆడపిల్లలకు పరికిణీలు కుడుతుంది, ఆఫీసుకెళ్లే మగవాళ్ల ప్యాంట్లు పొట్టి చేసి పెడుతుంది. పెళ్లికూతురి జాకెట్టు అనేసరికి మాత్రం, "నాకు కుదరదండీ, ఏవీ అనుకోకండి" అని తల దించుకుంటుంది. ఎందుకని అడిగితే చెప్పదు.

చెప్పుకునేలాంటిదైతే చెప్పేదే. పదహారో యేటి నుంచీ పాలకొల్లులో కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి ఆమె. చేతికుట్టు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో వెతికినా కనిపించేది కాదు. అలాంటిది ఒకే వేసవిలో, ఆమె జాకెట్లు కుట్టిన ఇద్దరు పెళ్లికూతుళ్ల పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఒక పెళ్లికొడుకు మోటారుసైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు, ఆ సంబంధం మళ్లీ కుదరనే లేదు. రెండో ఇంట్లో ముహూర్తానికి ముందురోజు తాతగారు పోయారు. ఆ ఇంటివాళ్లెవరో, "కుట్టు మంచిదే గాని, ఆ పిల్ల హస్తవాసి మంచిది కాదు" అన్నారు. ఆ మాట వీధులన్నీ తిరిగి, సాయంత్రానికల్లా ఆమె ఇంటికే వచ్చింది.

పెళ్లయి, 1998లో భర్త బాలమురళితో సిడ్నీ వచ్చినప్పుడు, ఇక్కడ తన చేతి గురించి ఎవరికీ తెలియదు కదా అని ఆమె ఊపిరి పీల్చుకుంది. బాలమురళి ఒక కంపెనీలో పాత కంప్యూటర్ ప్రోగ్రాములన్నీ తిరగేసి, రెండంకెలున్న సంవత్సరాన్ని నాలుగంకెలకు మార్చే కాంట్రాక్టు పని మీద వచ్చాడు. మరుసటి యేడు శేషుకుమారి నెల తప్పింది. సంతోషం పట్టలేక నాలుగో నెలలోనే మెత్తటి నూలుగుడ్డతో రెండు బుల్లి చొక్కాలు కుట్టింది. ఆరో నెలలో బిడ్డ దక్కలేదు. ఎవరో అన్న మాటను అప్పటిదాకా మనసులో ఒక మూల పెట్టుకుని తిరిగిన మనిషి, ఆ రోజు నుంచి దాన్ని నిజమని నమ్మింది.

ఇంట్లో ఒంటరిగా ఉండలేక పని వెతుక్కుంటుంటే ఫుమికో గారు దొరికారు. టూంగాబీ స్టేషన్లో రైలెక్కి హార్బర్ బ్రిడ్జి దాటితే ఆర్టార్మన్. అక్కడ ఒక మందుల షాపు మీది గదిలో, అరవై దాటిన ఆ జపాన్ ఆవిడ కిమోనోలు బాగుచేస్తూ, వచ్చినవాళ్ల కోట్లూ గౌన్లూ సరిచేస్తూ ఉండేది. మొదటి రోజు శేషుకుమారి చేతికి ఒక పట్టు కిమోనో చెయ్యి ముక్క ఇచ్చి కుట్టమంది. కుట్టాక పైవైపు చూడనే లేదు. లోపలివైపు తిప్పి చూసి, "సోమవారం నుంచి రా" అంది.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు ఆగిపోతాయని, విమానాలు కూలిపోతాయని భయపెట్టినవేవీ జరగలేదు. ఏమీ జరక్కుండా చూసిన బాలమురళికి మాత్రం జనవరి ఆఖరుకు కాంట్రాక్టు అయిపోయింది. ఆ వారంలోనే పెండిల్ హిల్ నుంచి శ్యామసుందరి ఆంటీ ఫోన్ చేసింది. ఏప్రిల్లో కూతురు తన్మయి పెళ్లి. హైదరాబాదు నుంచి తెప్పించిన జాకెట్టు పిల్లకు పట్టడం లేదు.

"నువ్వు తప్ప ఇక్కడ నాకెవరున్నారే? విప్పి కుట్టి పెట్టు తల్లీ!"

"వద్దాంటీ, నన్నడక్కండి" అంది శేషుకుమారి. ఫోన్ పెట్టేస్తుంటే అవతల తన్మయి, "మామ్, షీ సెడ్ నో, లీవిట్" అనడం వినిపించింది.

మర్నాడు ఎర్రబడ్డ కళ్లతో పనికొస్తే, ఫుమికో గారు టీ కాచి ఎదురుగా కూర్చుంది. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. అయినా ఆ రోజు శేషుకుమారి పాలకొల్లు దగ్గర్నుంచి అన్నీ చెప్పేసింది. ఇవన్నీ మూఢనమ్మకాలు అని ఆవిడ కొట్టిపారేస్తుందనుకుంది. ఆవిడ కప్పు కిందపెట్టి, "ఏ సంవత్సరంలో పుట్టావు?" అంది.

"అరవై ఎనిమిదిలోనండీ."

ఫుమికో గారు వేళ్లమీద లెక్కపెట్టింది. "ముప్పై మూడు."

"కాదండీ, ముప్పై రెండో యేడు నడుస్తోంది."

"మా పాత లెక్కలో పుట్టగానే ఒకటి. ఆ తర్వాత ప్రతి జనవరికీ ఒకటి. ముప్పై మూడు ఆడవాళ్లకు గడ్డు యేడు. దాని ముందు యేడు, తర్వాతి యేడు కూడా జాగ్రత్తగా ఉండాల్సినవే."

శేషుకుమారి మొహం వాడిపోయింది. "నాకు దురదృష్టమని మీరు కూడా అంటున్నారా?"

"నీకు కాదు. ముప్పై మూడుకి" అంది ఫుమికో గారు. "నాకూ వచ్చింది. మా అమ్మకూ వచ్చింది. మగవాళ్లకైతే నలభై రెండు. అది ఒకరి కోసం పుట్టింది కాదు, వరసలో అందరికీ వస్తుంది, పోతుంది. వచ్చినప్పుడు గుడికెళ్లి ప్రార్థన చేయించుకుంటాం."

ఆ మాట శేషుకుమారికి వెంటనే అంతుబట్టలేదు. ఇంటికెళ్లే రైల్లో, బ్రిడ్జి మీద, ఉన్నట్టుండి అర్థమైంది. ఇన్నేళ్లూ తన చేతిలో ఏదో ఉందనుకుంది. అది చేతిలో కాక వయసులో ఉండేదైతే, వయసు దాటిపోతుంది కదా!

ఒక జపాన్ కంపెనీ కొత్త భవనానికి భూమిపూజ చేయడానికి ఫిబ్రవరిలో జపాన్ నుంచి అక్కడి ప్రాచీన షింతో మతపు పూజారి వస్తున్నాడు. ఆ వారం శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో, కావలసినవాళ్లకు కీడు తొలగే ప్రార్థన కూడా చేస్తాడట. ఫుమికో గారు శేషుకుమారి పేరు కూడా రాయించింది.

"మేం హిందువులం కదండీ?"

"ఆయన అడగడు."

బాలమురళి కూడా వద్దనలేదు. "ఇంట్లో ఊరికే కూచున్నాను కదా, నేనూ వస్తాను పద" అన్నాడు.

హాలుకు చేరేసరికి లోపల చిన్న గలాటా. మత్సునాగ అనే ఆ పూజారి ఉదయం ఎక్కడో మెట్లమీద జారాడట. పూజకు వేసుకునే, పరికిణీలాంటి వెడల్పాటి లాగు అంచు జానెడు మేర చిరిగింది. ఫుమికో గారు దాన్ని తెచ్చి శేషుకుమారి ఒళ్లో పెట్టింది. "నా కళ్లు ఇప్పుడు పనిచెయ్యవు. నువ్వు కుట్టు."

శేషుకుమారి చేతులు వెనక్కి తీసుకుంది. "పూజ బట్టలు నేను ముట్టుకోకూడదండీ. నా సంగతి మీకు తెలుసు కదా."

ఫుమికో గారు ఆ మాటను పూజారికి జపాన్ భాషలో చెప్పింది. పూజారి నవ్వి, ఏదో అన్నాడు. ఆవిడ కూడా నవ్వుతూ తిరిగి చెప్పింది: "ఆయనకు ఈ యేడే నలభై రెండు. జనవరిలో తన గుళ్లోనే ప్రార్థన చేయించుకున్నాడట. అయినా మెట్లమీద జారానంటున్నాడు."

"మరి చేయించుకుని లాభమేంటండీ?" అని బాలమురళి అడిగేశాడు.

పూజారి నిదానంగా ఇంగ్లీషులోనే చెప్పాడు. "గదిలో దుమ్ము పడుతుంది. తుడుస్తాం. మళ్లీ పడుతుంది. మళ్లీ తుడుస్తాం. దుమ్ము పడిందని గది చెడ్డదా?"

శేషుకుమారి ఆ లాగును దగ్గరికి తీసుకుంది. సూదిలో తెల్లదారం ఎక్కించి, కిటికీ వెలుగులోకి జరిగి, ఆ అంచు కుట్టింది. నాలుగు కుట్లు పడ్డాక తన పని తనకు గుర్తొచ్చింది.

ప్రార్థనకు ఎనిమిది మంది మడత కుర్చీల్లో కూర్చున్నారు. తెల్లగుడ్డ పరిచిన బల్లమీద బియ్యం, ఉప్పు, నీళ్లు, వాళ్ల సారాయి, పండ్లు ఉన్నాయి. అందరూ తలలు వంచారు. పూజారి తెల్లకాగితపు కుచ్చులున్న కర్రను వాళ్ల తలల మీద అటూ ఇటూ ఊపాడు. ఆ చప్పుడు ఎండుటాకుల గలగలలా ఉంది. తర్వాత సాగదీసిన గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మన సంకల్పంలో గోత్రనామాలు చెప్పినట్టే ఉందనుకుంది శేషుకుమారి. ఇంతలో ఆ భాష మధ్యలోంచి "గిరావీన్" అని వినిపించింది. వెంటనే "సేషుకుమారి" అని. ఎక్కడో పుట్టిన దేవుళ్లకు తన ఊరూ పేరూ చెబుతున్నారు. ఆమె కళ్లలోంచి నీళ్లు జారి చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

ఆఖర్న ఒక్కొక్కరూ బల్ల దగ్గరికి వెళ్లి, కాగితం కట్టిన ఆకుకొమ్మను కాడ దేవుడివైపు తిప్పి పెట్టాలి. అసలు వాడే చెట్టు ఇక్కడ దొరకక, ఫుమికో గారు తన పెరట్లోని కమీలియా పూలచెట్టు కొమ్మలు తెచ్చింది. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. శేషుకుమారి రెండు చేతులూ ఎత్తి, హాలంతా వినిపించేలా చప్పట్లు కొట్టింది.

బయటికొచ్చాక బాలమురళి, "ఎలా ఉంది?" అన్నాడు.

"ఆకలేస్తోందండీ" అంది. నెలల తర్వాత ఆమె నోట ఆ మాట వినడం. అతను దారి పొడుగునా ఏదో ఒకటి చెప్పి నవ్విస్తూనే ఉన్నాడు.

సోమవారం తనే ఫోన్ చేసింది. "ఆంటీ, జాకెట్టు పంపించండి. కానీ ముందు నా మాట వినండి." పాలకొల్లు సంగతి దాచకుండా చెప్పింది.

"మోటారుసైకిలు తోలడం రానివాడికి నీ జాకెట్టేం చేస్తుందే?" అంది శ్యామసుందరి ఆంటీ. "సాయంత్రం పిల్లని తీసుకొస్తున్నాను, కొలతలు తీసుకో."

ఏప్రిల్లో, హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుళ్లో పెళ్లి. పొద్దుటి నుంచీ వాన. భోజనాలు తెచ్చే వ్యాను దారిలో ఆగిపోయిందని కబురొచ్చేసరికి శేషుకుమారికి పాలకొల్లు గుర్తొచ్చింది. చుట్టూ చూసింది. ఒక్కరూ తనవైపు తిరగలేదు. మగవాళ్లు రెండు కార్లేసుకుని గిన్నెలు తేవడానికి బయల్దేరారు, వాళ్లలో బాలమురళి కూడా ఉన్నాడు. ఆమె పీటల దగ్గరికి వెళ్లి, తన్మయి భుజం మీద జారుతున్న చీరను సర్ది పిన్ను పెట్టింది. "థాంక్స్ ఆంటీ, ఇట్స్ పర్‌ఫెక్ట్" అని ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది. తాళి అనుకున్న ముహూర్తానికే పడింది. భోజనాలు మాత్రం గంటన్నర ఆలస్యం.

ఆ జులై నుంచి ఆస్ట్రేలియాలో కొత్త పన్ను వచ్చింది. కంపెనీల లెక్కల ప్రోగ్రాములన్నీ మార్చాల్సి రావడంతో బాలమురళికి పని దొరికింది. మరుసటి యేడు కంప్యూటర్ కంపెనీలు వరసగా మూతపడ్డప్పుడు అదీ పోయింది. ఈసారి శేషుకుమారి తన చేతివైపు చూసుకోలేదు. అప్పటికే పెండిల్ హిల్‌లో ఒక దుకాణం వెనకగది తీసుకుని ఆమె సొంతంగా కుడుతోంది. మళ్లీ పని దొరికేదాకా ఆరు నెలలూ బాలమురళి ఆమె పక్కన కూర్చుని హుక్కులు వేయడం, కాజాలు కుట్టడం నేర్చుకున్నాడు. మొదటి కాజా చూసి ఆమె ఫక్కున నవ్వి, విప్పి, మళ్లీ కుట్టమని అతని చేతికిచ్చింది.